చలికి వాచిన కాలివేళ్లు: వేడినీళ్ల బకెట్ జోలికి ఎందుకు వెళ్లకూడదు

చలిలో తిరిగొచ్చిన రోజు ఏమీ తెలియదు. మర్నాడు రాత్రి దుప్పట్లో కాళ్లు వెచ్చబడుతుండగా మొదలవుతుంది అసలు గొడవ. చిటికెనవేలు, దాని పక్కవేలు దురద. కాసేపటికి దురద మంటగా మారుతుంది. లైటు వేసి చూస్తే వేళ్ల పైభాగాన ఎర్రగా, నున్నగా ఉబ్బిన మచ్చలు. నొక్కితే ప్రాణం పోయినంత పనవుతుంది.

నాకు మొదటిసారి వచ్చినప్పుడు కొత్త బూట్లు కరిచాయనుకున్నాను. రెండు రోజులు బూట్లను తిట్టుకున్నాను. మూడో రోజు, చలికి వచ్చింది వేడికి పోకుండా ఎక్కడికి పోతుందన్న లెక్కతో, బకెట్‌లో పొగలు కక్కే నీళ్లు పోసి కాళ్లు ముంచాను. ఆ ఐదు నిమిషాలు స్వర్గమే. ఆ రాత్రి మాత్రం కంటి మీద కునుకు లేదు. తెల్లారేసరికి ఎర్ర మచ్చలు వంకాయ రంగుకి తిరిగాయి, ఒకదాని మీద నీటిపొక్కు లేచింది.

దీన్ని చిల్‌బ్లెయిన్స్ అంటారు. డాక్టరు చీటీలో పెర్నియో అని కూడా కనిపించవచ్చు. ప్రాణం మీదికి వచ్చేది కాదు, చాలామందికి ఒకటి నుంచి మూడు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. అయితే చలి వల్ల పాదాలకు వచ్చే బాధలు నాలుగైదు రకాలున్నాయి. చూడ్డానికి కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉంటాయి. ఒకదానికి మంచి చేసే పని ఇంకోదానికి చెడు చేస్తుంది. చిక్కంతా అక్కడే.

తూము ఎత్తారు, కాలువ తెరవలేదు

ఒంటికి చలి తగిలితే శరీరం ముందుగా చేసే పని పొదుపు. గుండె, మెదడు, కాలేయం 37 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉండాలి. వాటి కోసం కాళ్ల చివరలకు, చేతుల చివరలకు వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. వేళ్లలోని సన్నటి ధమనులు బిగుసుకుంటాయి. వేళ్లు పాలిపోయి చల్లబడతాయి. ఇది జబ్బు కాదు, అందరిలోనూ జరిగేదే.

పొదుపు అన్నాం కదా అని పూర్తిగా కట్టేయదు కూడా. బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ 1930లో ఒక విచిత్రాన్ని నమోదు చేశాడు. వేలిని మంచునీళ్లలో ఉంచితే కొన్ని నిమిషాలకు అందులోని రక్తనాళాలు వాటంతటవే తెరుచుకుని వేలు కాస్త వెచ్చబడుతుంది. మళ్లీ బిగుసుకుంటాయి, మళ్లీ తెరుచుకుంటాయి. వేలు చచ్చుబడిపోకుండా శరీరం నడిపే చిన్న రేషన్ లాంటిది ఇది. ఈ సర్దుబాటు అందరిలో ఒకేలా ఉండదు.

చిల్‌బ్లెయిన్స్ వచ్చేవాళ్లలో తేడా ఎక్కువగా తిరిగి వెచ్చబడేటప్పుడు బయటపడుతుంది. వేడి తగలగానే రక్తాన్ని తెచ్చే సన్నటి ధమనులు గబుక్కున తెరుచుకుంటాయి. రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సన్నటి సిరలు మాత్రం ఇంకా బిగుసుకునే ఉంటాయి. పైన తూము ఎత్తేసి, కింద కాలువకు అడ్డంగా కట్ట అలాగే వదిలేసినట్టు. వచ్చిన రక్తానికి దారి లేదు. నాళాల గోడల్లోంచి నీరు చుట్టూ ఉన్న చర్మంలోకి ఊరుతుంది. దాంతో వాపు. రక్షక కణాలు అక్కడికి చేరి హడావుడి చేస్తాయి. దాంతో ఎరుపు, దురద, మంట. ఇదంతా అయ్యేసరికి చలి తగిలి 12 నుంచి 24 గంటలు గడిచిపోతుంది. అందుకే నాలాగా చాలామంది నిన్నటి చలిని వదిలేసి ఇవాళ్టి బూట్లను అనుమానిస్తారు.

ఈ లెక్కన బకెట్‌లోని వేడినీళ్లు చేసిందేమిటో తెలుస్తూనే ఉంది. తూమును ఇంకా పైకి ఎత్తాయి.

ఇంకో మెలిక. ఇది గడ్డకట్టే చలిలో వచ్చే జబ్బు కాదు. 0 నుంచి 15 డిగ్రీల మధ్య, గాలిలో తేమ ఉన్నప్పుడు ఎక్కువగా వస్తుంది. మంచు దట్టంగా కురిసే చోట ఇళ్లు వెచ్చగా ఉంటాయి, బూట్లూ ఆ చలికి తగ్గట్టే ఉంటాయి. చలి ఓ మోస్తరుగా ఉండి, ఇల్లు చెమ్మగా ఉండి, సాక్సులు తడిసినా పట్టించుకోని చోట వేళ్లు దెబ్బతింటాయి. గాలితో పోలిస్తే నీరు దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. 10 డిగ్రీల చలిలో తడి సాక్సు వేసుకున్న వేలికి, ఎముకలు కొరికే చలిలో పొడి ఉన్ని సాక్సులో ఉన్న వేలికంటే కష్టమెక్కువ.

ఆడవాళ్లకు, సన్నగా ఉండేవాళ్లకు, పొగ తాగేవాళ్లకు, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నవాళ్లకు ఇది వచ్చే అవకాశం ఎక్కువ. వేళ్లకే రావాలని కూడా లేదు. చెవులకు, ముక్కుకు వస్తుంది. చలిలో బిగుతు ప్యాంటు వేసుకుని గుర్రపు స్వారీ చేసేవాళ్లకు తొడల పక్కన ఇలాంటి మచ్చలే వస్తాయి.

ముందు అది ఏమిటో తేల్చుకోవాలి

ఇంటి వైద్యం చేయబోయే ముందు ఒక్క పది నిమిషాలు మంచి వెలుతురులో రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూడండి. వేళ్ల సందులు కూడా.

గడ్డకట్టే చలిలో ఉండి వచ్చారు, వేలు తెల్లగా లేదా బూడిద రంగులో, మైనం ముద్దలా గట్టిగా ఉంది, గిల్లినా తెలియడం లేదు అంటే అది చిల్‌బ్లెయిన్స్ కాదు, ఫ్రాస్ట్‌బైట్. చర్మంలోని నీరు నిజంగానే గడ్డకట్టింది. అది ఆసుపత్రి పని. ఇక్కడ పద్ధతి కూడా తిరగబడుతుంది. మళ్లీ చలిలోకి వెళ్లే పని లేదనుకున్నప్పుడు, 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో త్వరగానే వెచ్చబెట్టాలి. చిల్‌బ్లెయిన్స్‌కి నెమ్మది, ఫ్రాస్ట్‌బైట్‌కి నీళ్లు. అలాగని అక్కడ కూడా పొగలు కక్కే నీళ్లు కాదు, మోచేయి పెడితే హాయిగా అనిపించేంత వెచ్చదనమే.

దీని వెనక పెద్ద కథే ఉంది. 1812లో నెపోలియన్ సైన్యం మాస్కో నుంచి వెనుదిరిగినప్పుడు, సైన్యంలోని సర్జన్ డొమినిక్ జాన్ లారే ఒకటి గమనించాడు. గడ్డకట్టిన కాళ్లను చలిమంట పక్కన పెట్టుకున్న సైనికులకు అవి కుళ్లిపోతున్నాయి. గమనించింది సరైనదే, స్పర్శ లేని కాలికి నిప్పు సెగ ప్రమాదం. దానికి ఆయన సూచించిన విరుగుడు మాత్రం మంచుతో రుద్దడం. అది వందేళ్లకు పైగా వైద్యంలో చెలామణి అయింది. రుద్దితే గడ్డకట్టిన కణాలు చితికిపోతాయని, మంచు ఇంకా చల్లబరుస్తుందని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఎవరో ఒకరు మంచుతో రుద్దమని చెబుతూనే ఉంటారు. వద్దు.

రోజంతా తడి బూట్లలో ఉండి, పాదం మొత్తం పాలిపోయి, నానిన కాగితంలా ముడతలు పడి, తిమ్మిరెక్కితే అది ట్రెంచ్ ఫుట్. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల బురదలో నిలబడ్డ సైనికుల వల్ల ఈ పేరొచ్చింది. 1914-15 చలికాలంలో ఒక్క బ్రిటిష్ సైన్యంలోనే 20,000 మంది దాకా దీని బారిన పడ్డారు. దీనికి కూడా గడ్డకట్టే చలి అక్కర్లేదు, తడి చాలు. సాక్సులు తరచూ మార్చుకోవాలని, ఒకరి పాదాలు ఒకరు తనిఖీ చేయాలని సైన్యం ఆజ్ఞలు వేశాక కేసులు తగ్గాయి. అంటే మందు కాదు, పొడి సాక్సు. తిమ్మిరి వదలకపోతే, పాదం మొత్తం వాస్తే డాక్టరుకు చూపించాలి.

చలి తగిలిన నిమిషాల్లోనే వేళ్లు తెల్లగా, ఆపైన నీలంగా, చివరికి ఎర్రగా మారి, కాసేపట్లో మామూలైపోతే అది రేనాడ్స్. 1862లో మారిస్ రేనో అనే ఫ్రెంచ్ వైద్యుడు వర్ణించాడు. చలికే కాదు, టెన్షన్‌కి కూడా వస్తుంది. దాని రంగులు నిమిషాల్లో వచ్చిపోతాయి, చిల్‌బ్లెయిన్స్ మచ్చలు రోజుల తరబడి ఉంటాయి. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు.

చలితో సంబంధం లేని ఒక పోలిక కూడా ఉంది, ఇంట్లో ఎక్కువ పొరపాట్లు జరిగేది దీంతోనే. వేళ్ల సందుల్లో దురద, తెల్లగా నానిన చర్మం, పొట్టు రాలడం ఉంటే అది ఫంగస్. చిల్‌బ్లెయిన్స్ అనుకుని దాని మీద స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే రెండు రోజులు ఎరుపు తగ్గినట్టే ఉంటుంది. లోపల ఫంగస్ హాయిగా పాకుతుంది, రూపు మారిపోయి డాక్టరుకు కూడా వెంటనే పోల్చుకోవడం కష్టమవుతుంది. చిల్‌బ్లెయిన్స్ వేలి పైన, చివర్లలో వస్తాయి. ఫంగస్ సందుల్లో మొదలవుతుంది. ఈ ఒక్క గుర్తు చాలాసార్లు పనికొస్తుంది. ఇక బొటనవేలి మొదట్లో కీలు రాత్రికి రాత్రి వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని కీలు వాచే జబ్బు) సంగతి చూసుకోవాలి.

ఇంట్లో చేయగలిగింది

చిల్‌బ్లెయిన్సే అని తేలాక చేయాల్సిన పని ఆశ్చర్యపోయేంత తక్కువ. చేయకూడనివే ఎక్కువ.

తడి సాక్సులు తీసేయాలి. మెత్తటి తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు. వేళ్ల సందుల్లో తడి మిగలకుండా చూడాలి. వదులుగా ఉన్న పొడి సాక్సులు తొడిగి, కాళ్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చోవాలి. కాళ్లనే కాదు, ఒళ్లంతా వెచ్చబెట్టాలి. ఇది చాలామంది వదిలేసే సంగతి. ఛాతీ, పొట్ట చల్లగా ఉన్నంతసేపు శరీరం పొదుపు మానదు, కాళ్లకు ఎన్ని సాక్సులు తొడిగినా అవి చల్లగానే ఉంటాయి. పైన స్వెటర్ వేసుకుని గదిలో కాస్త అటూ ఇటూ నడిస్తే వేళ్లలోకి రక్తం తనంతట తానే దిగుతుంది. పిక్కలు కదిలినప్పుడు పాదాల్లో నిలిచిన రక్తం పైకి ఎక్కుతుంది. మన కథలోని కాలువ తెరుచుకునేది అక్కడే.

హీటర్‌కి కాళ్లు ఆనించడం, వేడినీళ్ల సంచి పాదాల కింద పెట్టుకుని పడుకోవడం, వేడినీళ్ల టబ్బు, ఇవి మూడూ వద్దు. దురద పెరగడం ఒక కారణం. రెండోది ఇంకా ముఖ్యం. చల్లబడ్డ వేలికి వేడి సరిగ్గా తెలియదు. 60 డిగ్రీల వేడి కొన్ని సెకన్లలో చర్మాన్ని కాలుస్తుందని అందరికీ తెలుసు. 44 డిగ్రీలు, అంటే చేయి పెడితే వెచ్చగా ఉందిలే అనిపించే వేడి కూడా ఐదారు గంటలు ఒకేచోట తగిలితే కాలుతుంది. రాత్రంతా పాదానికి ఆనుకుని ఉన్న వేడినీళ్ల సంచి చేసే పని అదే. కావాలంటే పడుకోవడానికి అరగంట ముందు పక్కలో పెట్టి, మీరు ఎక్కే ముందు తీసేయండి. వెచ్చబడిన పక్క హాయిగా ఉంటుంది, పాదానికి ప్రమాదం ఉండదు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఈ జాగ్రత్త నూరు రెట్లు.

దురదే అసలు పరీక్ష. గోకితే చర్మం చిట్లుతుంది, చిట్లిన చోట క్రిములు చేరతాయి. వాసన లేని మామూలు మాయిశ్చరైజర్, పెట్రోలియం జెల్లీ, కాలమైన్ లోషన్ లాంటివి కొంత ఊరటనిస్తాయి. రాత్రి నిద్ర పట్టనివ్వకపోతే అలర్జీకి వేసుకునే మాత్రలు పనికొస్తాయి, వాటితో మగత ఉంటుంది కాబట్టి మిగతా మందులు వాడేవాళ్లు అడిగి వేసుకోవడం మేలు. నొప్పులకు పూసుకునే చురచురలాడే బామ్‌లు మాత్రం చిట్లిన చర్మం మీద నరకం. చిట్లని చర్మం మీద కూడా అవి ఇచ్చేది వేడి కాదు, వేడి అనే భ్రమ.

పొక్కు లేస్తే చిదమకండి. దాని మీది చర్మమే దానికి మంచి కట్టు. దానంతటది పగిలితే సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, ఆరబెట్టి, పల్చగా జెల్లీ రాసి గాజుగుడ్డ వదులుగా చుట్టండి. రోజూ మార్చండి.

ఇక బూట్లు. సాక్సులు తొడుక్కున్న పాదాన్ని సాయంత్రం పూట, అంటే కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబెట్టి చుట్టూ పెన్సిలుతో గీయండి. ఆ గీత మీద మీ బూటు పెట్టి చూడండి. నేను చేసినప్పుడు చిటికెనవేలి వైపు పెన్సిలు గీత బూటు అంచు దాటి బయటకి వచ్చింది. మచ్చలున్నవి సరిగ్గా ఆ వేళ్ల మీదే. అంటే రెండు రోజులు బూట్లను తిట్టడం పూర్తిగా అన్యాయమేమీ కాదు. బిగుతు బూటు వేళ్లలోకి వచ్చే కొద్దిపాటి రక్తాన్నీ నొక్కేస్తుంది. ఒకదాని మీద ఒకటి రెండు జతల సాక్సులు వేసి బూటులోకి కుక్కడం కూడా ఇదే తప్పు. ఒక వదులైన ఉన్ని సాక్సు అంతకంటే వెచ్చగా ఉంటుంది. నూలు సాక్సు చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, ఉన్ని కొంచెం తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. ఇవాళ వేసుకున్న బూట్లను రేపు ఆరనిచ్చి ఎల్లుండి వేసుకోగలిగితే ఇంకా మంచిది.

పొగ తాగేవాళ్లకు చెప్పాల్సింది వాళ్లకు తెలిసిందే. నికోటిన్ కూడా చలి చేసే పనే చేస్తుంది, రక్తనాళాలను బిగిస్తుంది. ముక్కుదిబ్బడకి వేసుకునే కొన్ని మాత్రలూ అంతే. బీపీకి వాడే బీటా బ్లాకర్లు కాళ్లూ చేతులూ చల్లబరుస్తాయి. అలాగని బీపీ మాత్రను మీరే ఆపేయకండి, వేళ్ల సంగతి డాక్టరుకు చెప్పండి.

మందులు నిజంగా పనిచేస్తాయా?

స్టెరాయిడ్ క్రీమ్‌లు చాలాకాలంగా రాస్తున్నారు. నెదర్లాండ్స్‌లో పదే పదే చిల్‌బ్లెయిన్స్ వచ్చేవాళ్ల మీద బీటామెథాసోన్ అనే స్టెరాయిడ్ క్రీమ్‌ను మందు లేని ఉత్తుత్తి క్రీమ్‌తో పోల్చి చూశారు. 2017లో ప్రచురించిన ఫలితాల్లో తేడా కనిపించలేదు. రక్తనాళాలను వదులు చేసే నిఫెడిపిన్ మాత్రది ఇంకా ఆసక్తికరమైన కథ. 1980ల్లో జరిగిన చిన్న ప్రయోగంలో అది బాగా పనిచేసినట్టు కనిపించింది. దాన్ని పట్టుకుని దశాబ్దాల పాటు పుస్తకాలన్నీ నిఫెడిపిన్ పేరు రాశాయి. ఆ డచ్ పరిశోధకులే 2016లో మళ్లీ పరీక్షిస్తే ఉత్తుత్తి మాత్రకు, దానికి చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇవన్నీ కొద్దిమంది మీద చేసినవే కాబట్టి ఆ మందు పూర్తిగా దండగ అనలేం. బాగా తీవ్రంగా ఉన్నవాళ్లకు డాక్టర్లు ఇప్పటికీ ఇచ్చి చూస్తారు. కానీ తలనొప్పి, చీలమండల వాపు, బీపీ పడిపోవడం లాంటివి ఉండే మాత్ర అది. ఎవరికో రాసిచ్చిన చీటీ చూసి వేసుకునేది కాదు.

మందుల సంగతి ఇంత తికమకగా ఉండటానికి ఒక కారణం తేలిగ్గానే ఊహించవచ్చు. రెండు మూడు వారాల్లో తనంతట తానే తగ్గే జబ్బుకు ఏ లేపనం రాసినా అదే తగ్గించినట్టు కనిపిస్తుంది. ఎవరి చిట్కా వాళ్లకు బ్రహ్మాస్త్రమే.

ఇలాంటి తికమకే 2020లో ప్రపంచమంతా చూసింది. కోవిడ్ మొదటి విడతలో చాలాచోట్ల పిల్లలకు, కుర్రవాళ్లకు కాలివేళ్ల మీద అచ్చం చిల్‌బ్లెయిన్స్ లాంటి మచ్చలు వచ్చాయి. కోవిడ్ టోస్ అని పేరు పెట్టేశారు. వాళ్లలో చాలామందికి పరీక్ష చేస్తే వైరస్ లేదు. వైరస్‌కి శరీరం ఇచ్చిన ప్రతిస్పందన అని కొందరు, ఇళ్లలో కదలకుండా వట్టి కాళ్లతో చల్లటి నేల మీద ఉండిపోవడం వల్లనే అని కొందరు వాదించుకున్నారు. చల్లటి నేల వాదన విన్నప్పటి నుంచి నేను మంచం పక్కన చెప్పులు పెట్టుకోవడం మొదలుపెట్టాను.

ఇల్లు వదిలి డాక్టరు దగ్గరికి

చీము, పాదం మీదికి పాకే ఎర్రటి గీత, జ్వరం, పుండు, నల్లబడుతున్న చర్మం, వీటిలో ఏది కనిపించినా రేపటి దాకా ఆగవద్దు. షుగర్ ఉన్నవాళ్లు, నడిస్తే పిక్కలు పట్టేసి ఆగితే తగ్గేవాళ్లు (కాళ్ల ధమనులు సన్నబడ్డాయనడానికి అది గుర్తు) మొదటి మచ్చకే చూపించుకోవాలి, ఇంటి వైద్యం వాళ్లకు కాదు. పెద్ద వయసులో జీవితంలో మొదటిసారి వచ్చినా, కీళ్ల నొప్పులు, నోటిపూత, బుగ్గల మీద ఎర్రదనం తోడైనా రక్తపరీక్షలు అవసరమవుతాయి. ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే లూపస్ అనే జబ్బు కొన్నిసార్లు ఇలా కాలివేళ్ల దగ్గర మొదలుపెడుతుంది. జొనాథన్ హచిన్సన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు 1888లోనే చిల్‌బ్లెయిన్ లూపస్ గురించి రాశాడు.

పరీక్షలు కావాలా వద్దా అని తేల్చడానికి క్యాలెండర్ కూడా సాయపడుతుంది. మచ్చ వచ్చిన రోజు ఒక ఫొటో తీసి పెట్టుకోండి, తేదీ దానంతటదే పడుతుంది. మూడు వారాల తర్వాత అదే వెలుతురులో ఇంకోటి తీయండి. మామూలు చిల్‌బ్లెయిన్స్ అయితే ఆ రెండు ఫొటోలకు పోలిక ఉండదు. చలి తగ్గి ఎండలు ముదిరాక కూడా వేళ్ల మీద అవే మచ్చలుంటే, ఆ ఫొటోలు డాక్టరుకు చూపించండి.